అవతలి ఒడ్డున గులాబికాళ్ళ బాతు

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
అక్టోబరు 9

పూజ్యులైన వకుళమ్మగారికి సుబ్బులు నమస్కారాలు.

ముందుగా నా దస్తూరీకి, తప్పులకి క్షమించండి. ఏడో తరగతిలో బడి మానేశాక నేను కలం పట్టింది పాస్‌పోర్టు ఆఫీసులో సంతకానికే. ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచనప్పుడు రెండుచోట్లా పెట్టేస్తున్నాను. మీరు ముప్పై ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవారు. ఎర్రసిరా పెన్ను కాస్త దూరంగా పెట్టి చదవండి.

ఫోన్‌లో రాస్తే రెండు ముక్కలతో సరిపెడతావు, కాగితం మీద రాస్తే చూసింది చూసినట్టు రాయడం వస్తుందని వెళ్ళేముందు అన్నారు కదా. ఆ మాట మీదే మొదలుపెట్టాను. మీ అబ్బాయిగారి కొత్త ఉద్యోగం, అక్కడి ఇల్లు ఎలా ఉన్నాయి? మీరు ఖాళీ చేసిన ఫ్లాట్‌లోకి గుజరాతీవాళ్ళు వచ్చారు. బాల్కనీలో మీరు గింజలు పెట్టే గిన్నె తీసేశారు. పిట్టలు ఇంకా వచ్చి చూసి పోతున్నాయి.

మీరిచ్చిన బైనాక్యులర్ రోజూ మెడలో వేసుకుంటున్నాను. మా బావ ఎనిమిదింటికి ఆఫీస్‌కి వెళ్ళగానే తలుపు వేసి చెరువున్న ఆ అడవికి, ప్రిజర్వ్‌కి, నడిచిపోతాను. నాకు డ్రైవింగ్ రాదని బెంగ లేదిప్పుడు. నడిచేవాళ్ళకే ఎక్కువ కనిపిస్తాయని మీరన్నది నిజం. ఈ వారం చెరువు మీద వుడ్ డక్‌లు చూశాను. మగదానికి కంటి చుట్టూ ఎర్రటి గీత, ఎవరో తీరిగ్గా కూర్చుని దిద్దినట్టు. అవతలి ఒడ్డున బెంచీ పక్క మోడు మీద లకుముకి ఉంది. ఇక్కడి లకుముకి తల చూస్తే నిద్రలేచి దువ్వుకోనట్టు ఉంటుంది. కెనడా గూస్‌లు వందలకొద్దీ దిగాయి. చెరువు అవతలి మూలే వాటికిష్టం.

ఆదివారం పక్షులవాళ్ళ గుంపుతో నడకకి వెళ్ళాను. అందరి వెనకా నిలబడ్డాను. గుంపుని నడిపించే మార్గరెట్‌గారు నన్ను ముందుకి లాగి, "సుబ్బులుకి మనందరికంటే మంచి కళ్ళున్నాయి" అని అందరికీ చెప్పింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోన్‌లో వాళ్ళ గ్రూప్‌లో మీరు నన్ను చేర్చారు కానీ నేనింతవరకూ అందులో ఒక్క అక్షరం రాయలేదు. నూట యాభై మంది చదువుతారంటే వేళ్ళు కదలవు.

మా బావ సంగతి మీకు తెలుసు. నన్ను ఏడిపించందే ఆయనకి అన్నం అరగదు. "అమెరికా వచ్చి కొంగల్ని చూస్తావేంటే సుబ్బూ, మన చేలో లేవా?" అంటాడు. "ఉన్నాయి బావా, అక్కడ వంచిన నడుం ఎత్తితే కదా చూడ్డానికి" అన్నాను. నవ్వి, నా బూట్లకి తడి ఎక్కకుండా ఏదో మైనం కొనుక్కొచ్చి ఆయనే రుద్దాడు.

శనివారాలు మావైపు కుర్రాళ్ళకి ఫోన్‌లో ఇంటర్‌వ్యూలకి తర్ఫీదు ఇస్తూనే ఉన్నాడు. సాత్విక్ అనే అబ్బాయికి ఆయన చెప్పబట్టే ఉద్యోగం వచ్చిందట. ఆ పూటంతా మీసం దువ్వుకున్నాడు.

మీ దగ్గర ఏ పక్షులున్నాయో, ఎక్కడ నిలబడి చూస్తారో రాయండి.

మీ
సుబ్బులు


హీచమ్, నార్ఫొక్, ఇంగ్లండ్
అక్టోబరు 24

చిరంజీవి సుబ్బులుకు,

నీ ఉత్తరం చేరింది. తప్పులున్నాయి, లెక్కపెట్టలేదు. "దువ్వుకోనట్టు ఉన్న తల" అన్నావే, ముప్పై ఏళ్ళు లకుముకి గురించి పాఠం చెప్పాను, నాకు ఆ మాట తట్టలేదు. కాబట్టి ఇకమీదట దస్తూరీ గురించి క్షమాపణలు వద్దు.

ఇక్కడ మంచి చోట్లు ఇవి. మా ఇంటికి దక్షిణాన స్నెటిషామ్ అని సముద్రపు బురద నేలలున్నాయి. వాటికి ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్ళాలి. పోటు ఎక్కే కొద్దీ బురద మీద మేసే ఉల్లంకి పిట్టలకి చోటు తగ్గిపోయి, అన్నీ ఒక్కసారిగా లేచి, పొగలా రెండు చుట్లు తిరిగి లోపలి గుంటల గట్టున దిగుతాయి. గట్టు మీద చెక్క గుడిసె ఉంది. కిటికీ పలక తెరుచుకుని లోపల కూర్చుంటే అవి మనల్ని పట్టించుకోవు. ఇంకొంచెం ఉత్తరానికి వెళితే రెల్లు గడ్డి మైదానాలు. అక్కడ గద్దలు గడ్డిని తాకుతున్నంత కిందుగా ఎగురుతాయి.

అయితే శీతాకాలంలో ఇక్కడికి రావలసింది గులాబికాళ్ళ బాతుల కోసం. ఇంగ్లీషులో పింక్-ఫుటెడ్ గూస్. మంచు దేశాల నుంచి వేలకొద్దీ వచ్చి రాత్రి బురద నేలల మీద పడుకుని, తెల్లవారగానే బీట్‌దుంపల పొలాలకి పోతాయి. గుర్తుపట్టడం నేర్చుకో. కెనడా గూస్ కంటే చిన్నది, మెడ పొట్టి. తల ముదురు కాఫీరంగు. వీపు మీద బూడిద చల్లినట్టుంటుంది. ముక్కు నలుపు, మధ్యలో గులాబి పట్టీ. కాళ్ళు గులాబి. మీ తూర్పు తీరానికి కూడా ఏదో ఒక శీతాకాలం ఒకటో రెండో దారితప్పి వస్తాయి. కెనడా గూస్‌ల మధ్య కలిసిపోతాయి కనుక రోజంతా వెతికినా ఉన్నట్టూ తేలదు, లేనట్టూ తేలదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏదో ఒక రోజు నువ్వు గ్రూప్‌లో రాస్తావు. ఆ రోజు చూసిందే రాయి. మన పనిలో ఉన్నది మాట ఒక్కటే. ఇక్కడ బెర్నార్డ్ అని ఒకాయన ఎప్పుడో చూడని పక్షిని చూశానన్నాడట. ఇప్పటికీ గుడిసెలో ఆయన చెయ్యి చూపించిన వైపు ఎవరూ తల తిప్పరు. నిరుడు పాపం నిజంగానే అరుదైనది చూశాడట. ఎవరూ నమ్మక, తిరిగి ఇంటికి ఒక్కడే వెళ్ళాడట.

దివాకర్‌కి నా ఆశీస్సులు. మైనం రుద్దే మొగుడు దొరకడం కూడా అరుదైన దర్శనమే.

వకుళ


ప్లెయిన్స్‌బరో
నవంబరు 29

వకుళమ్మగారికి,

చలి బాగా పెరిగింది. చెరువు ఇవతలి ఒడ్డున వడ్రంగిపిట్ట చూశాను. నీలిపిట్టలు రెండు కంచె మీద ఉన్నాయి. ఇవతలి దారిలో ఎర్రటి కార్డినల్ పిట్టలు చాలా. అంతే.

మిమ్మల్నొకటి అడగాలి. ఒక పెద్ద కొంగ రోజూ వచ్చి ఒకేచోట కూర్చుంటుంది. తినదు. పొద్దున్నే వస్తుంది, చీకటి పడే ముందు పోతుంది. నీళ్ళకేసి చూస్తూనే ఉంటుంది. అలా ఉంటే ఏమిటి అర్థం? దగ్గరికి వెళితే ఎగిరిపోతుందా? వెళ్ళకపోతే ఏమవుతుంది?

తొందరగా జవాబు రాయండి.

సుబ్బులు


హీచమ్
డిసెంబరు 7

సుబ్బులూ,

ఏ పక్షయినా మేత మానేసి ఒకేచోట కూర్చుందంటే దానికి జబ్బుచేసిందని. అలాంటిదాని దగ్గరికి తిన్నగా నడవకూడదు. కళ్ళలోకి చూడకూడదు. దాన్ని చూడనట్టు పక్కగా, నాలుగడుగులు వేసి ఆగి, కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళాలి. మధ్యలో అది తల ఎత్తితే నువ్వు గడ్డి పీకుతున్నట్టు నటించు. జవాబు అయింది.

ఇప్పుడు నా ప్రశ్నలు. వుడ్ డక్ కంటి గీత వర్ణించిన పిల్లవి, కొంగ కాళ్ళ రంగు రాయలేదు. మెడ ముడుచుకుందో చాచిందో రాయలేదు. కొంగలు చీకటి పడేదాకా ఆఫీసు వేళలు పాటించవు. పైగా పోయినసారి చెరువు అవతలి ఒడ్డు, మోడు, బెంచీ, గూస్‌ల మూల, అన్నీ రాశావు. ఈసారి ఉత్తరమంతా ఇవతలి ఒడ్డే. రోజూ వెళ్ళే మనిషివి సగం చెరువు చూడటం ఎందుకు మానేశావు?

అది కొంగ కాదని నాకు అనిపిస్తోంది. నాకు చెప్పు. చదివి మనసులోనే ఉంచుకుంటాను.

వకుళ


ప్లెయిన్స్‌బరో
డిసెంబరు 16

అమ్మా,

మీరు ఊహించింది నిజం. మీతో అబద్ధం ఆడాను. 

అది మా బావ.

థాంక్స్‌గివింగ్ పండగ ముందు వారం. గూస్‌లని చూద్దామని బైనాక్యులర్ అవతలి మూలకి తిప్పాను. బెంచీ మీద మనిషి కనిపించాడు. నీలం కోటు. నేను కుట్టిన గుండీ ఒకటి మిగతావాటికంటే నల్లగా ఉంటుంది, అది కూడా కనిపించింది. ఆ బైనాక్యులర్ అద్దాలు అంత మంచివి. పొద్దున నేను కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తెరిచి, చాలాసేపు చూసి, లేచి చెత్తబుట్టలో వంపేశాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేను చెట్టు చాటుకి పోయాను. దొంగతనం చేసింది నేనే అన్నట్టు.

ఆ సాయంత్రం ఖాళీ డబ్బా నా చేతికిచ్చి, "వంకాయ కూర అదరగొట్టావే" అన్నాడు.

"ఆఫీసులో ఏంటి సంగతులు బావా?"

"ఏముంటాయి. మీటింగ్ మీద మీటింగ్. బుర్ర తినేస్తున్నారు."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. తర్వాత ఇండియన్ స్టోర్‌లో రేణుగారు కలిసింది. వాళ్ళాయనా బావా ఒకే టీమ్. కరివేపాకు ఏరుతూ, "మీ వారికి ఎక్కడైనా కాల్స్ వస్తున్నాయా? మాకేం లేవమ్మా. టీమ్ మొత్తాన్ని తీసేస్తే ఇంతమంది ఎక్కడికి పోతారు? రెండు నెలలే టైమ్, హెచ్‌వన్ వీసా కదా" అంది. నేను తల ఊపాను. తెలిసినట్టే ఊపాను. ఇంటికొచ్చి కరివేపాకు కడుగుతూ కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాను.

రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం రాకపోతే ఈ దేశం వదిలిపోవాలి. వెళ్ళిపోవడానికి నాకేం బాధలేదమ్మా. నాకు ఇక్కడ ఉన్నది మీరూ, చెరువూ. మీరు ఎలాగూ వెళ్ళిపోయారు. కానీ ఆయనకి అది మామూలు మాట కాదు. మావైపు ప్రతి కుర్రాడూ ఉద్యోగం కోసం ఫోన్ చేసేది ఆయనకే. ఇప్పటికీ చేస్తున్నారు. మొన్న శనివారం కూడా తలుపు వేసుకుని సాత్విక్ తమ్ముడికి చెబుతున్నాడు: "భయపడకురా. నీలో విషయం ఉంటే వాళ్ళే పిలుస్తారు. ఎవడికైనా తన సత్తా తనకి తెలియాలి." నేను తలుపు ఇవతల నిలబడి విన్నాను. గొంతు ఏమాత్రం తొణకలేదు. 

ఈ వారం జరిగినవి మీకు చెప్పాలి. ఇంతవరకూ నాకు బ్యాంకు కార్డు వాడటం రాదు. ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతున్నాడు. "నాకెందుకు బావా, నువ్వున్నావు కదా" అంటే, "నీకన్నీ తెలిసుండాలి సుబ్బూ" అన్నాడు. క్రికెట్ బ్యాటు కింది ఫ్లాట్ రఘుగారికి ఇచ్చేశాడు. ఆ బ్యాటుని నన్ను తాకనిచ్చేవాడు కాదు. జనవరి నెలాఖరుకి ఊరికి టికెట్ బుక్ చేశాడు. నా ఒక్కదానికే. "మీ అమ్మని చూసి చాలా రోజులైందిగా. వెళ్ళి రా. నేను తర్వాత వస్తా" అంటున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూడడు.

నిన్న బెంచీ మీద లేడు. నీళ్ళ అంచున నిలబడ్డాడు. అంచు గడ్డకట్టి ఉంది. ఒక కాలు మంచు మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. నేను ఇవతలి ఒడ్డున చెట్టుని పట్టుకుని నిలబడ్డాను. చెరువు చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. పిలిస్తే ఉలిక్కిపడి ఇంకో అడుగు వేస్తాడేమోనని పిలవలేదు. ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాకే చెట్టు వదిలాను.

నాకు తెలుసని చెప్పెయ్యనా? చెబితే ఆయన ఇంకా పట్టుకుని నిలబడ్డ ఆ ఒక్క గోడా కూలిపోతుందేమో. చెప్పకపోతే ఏదో ఒకరోజు ఆ కాలు వెనక్కి తియ్యడేమో. రోజూ ఆయన కారు వెళ్ళగానే నేనూ నడిచి వెళుతున్నాను. ఆయన ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున. ఇంటికి ముందు నేను చేరాలి కనుక చీకటి పడకముందే పరుగెత్తుతాను. ఇద్దరం సాయంత్రం ఒకే టేబుల్ దగ్గర కూర్చుని చలి గురించి మాట్లాడుకుంటాం.

ఏం చెయ్యాలో చెప్పండి. నాకు ఇంకెవరూ లేరు.

సుబ్బులు


హీచమ్
డిసెంబరు 28

సుబ్బులూ,

పండగ సెలవుల వల్ల నీ ఉత్తరం ఈ పూటే అందింది. వెంటనే ఫోన్ చేశాను. "బాగున్నానమ్మా, ఇక్కడ మంచు పడుతోంది" అని పెట్టేశావు. వెనక దివాకర్ గొంతు వినిపించింది, అర్థమైంది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఇది నువ్వొక్కదానివి దాచుకుని మొయ్యగలిగేది కాదు. చెప్పెయ్యి. గోడ కూలిపోతుందని భయపడుతున్నావు. ఆ గోడ వెనక అతను ఒక్కడే ఉన్నాడు, ప్రమాదం అదే. నేను కాలేజీలో ఉన్నప్పుడు నా విద్యార్థి ఒకడి మౌనాన్ని గౌరవించాననుకున్నాను. అంతకంటే ఏమీ రాయను.

అమెరికాలో 988 అని మూడంకెల నంబరు ఉంది. ఏ వేళలోనైనా ఎత్తుతారు. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళూ, వాళ్ళ గురించి భయపడేవాళ్ళూ ఎవరైనా చెయ్యవచ్చు. ఆ పూట ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 911. ఇంగ్లీషు రాదని ఆగకు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఒంటరిగా వదలకు. నువ్వు ఊ అంటే మార్గరెట్‌కి నేను చెబుతాను. ఆవిడ మంచి మనిషి.

నిన్ను తిట్టడానికి కాదు, అడుగుతున్నాను. ఆ బైనాక్యులర్‌లోంచి చూడటం ఇక చాలించి, అతని పక్కన వెళ్ళి కూర్చోలేవా?

వకుళ


ప్లెయిన్స్‌బరో
జనవరి 11

అమ్మా,

బావ బతికే ఉన్నాడు. పక్క గదిలో నిద్రపోతున్నాడు. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

మీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఇది జరిగింది ముందురోజు, సోమవారం.

ఆ పొద్దున ఆయన త్వరగా లేచాడు. స్నానం చేసి, మంచి చొక్కా వేసుకున్నాడు. నేను డబ్బా ఇవ్వబోతే, "ఇవ్వాళ వద్దులే, ఆఫీసులో పార్టీ ఉంది" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నా తల మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. "నూనె ఎక్కువ రాస్తున్నావే" అన్నాడు. "లేటవుతుంది. తినేసి పడుకో."

కారు వెళ్ళిపోయింది. తిరిగి చూస్తే టేబుల్ మీద ఆయన ఫోనూ, పర్సూ, చేతి ఉంగరమూ ఉన్నాయి.

 నడిచి వెళ్ళాలంటే గంట పడుతుంది, మంచులో ఇంకా ఎక్కువ. రఘుగారు ఊళ్ళో లేరు. రేణుగారికి చేశాను, ఎత్తలేదు. 911 నొక్కబోయి ఆగిపోయాను. సైరన్ మోత విని ఆయన తొందరపడితే? పోలీసులు అరిస్తే? తప్పో ఒప్పో తెలియదు, ఆ క్షణంలో నాకు అలాగే తోచింది. నూట యాభై మంది ఉన్న గ్రూప్ ఒకటి నా చేతిలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అందులో సగంమంది ఉద్యోగాలు అయిపోయిన పెద్దవాళ్ళు, ప్రిజర్వ్‌కి అయిదారు నిమిషాల్లో కారులో చేరేవాళ్ళు. మా ఆయన చెరువు దగ్గర ఉన్నాడు, రండి అని రాస్తే ఎంతమంది వస్తారో నాకు తెలియదు. బాతు ఉందని రాస్తే అందరూ వస్తారని తెలుసు.

మీ అక్టోబరు ఉత్తరం తీశాను. మీరు రాసిన గుర్తులన్నీ ఒక్కొక్కటీ నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో కొట్టాను. పింక్-ఫుటెడ్ గూస్. చెరువు అవతలి మూల, బెంచీ దగ్గర. చిన్నది, పొట్టి మెడ, ముక్కుకి గులాబి పట్టీ. ఇప్పుడే చూశాను. త్వరగా రండి.

నేను రాసిన మొదటి మాటలు అవే.

మార్గరెట్‌గారు వెంటనే అడిగింది, ఖాయంగా చూశావా అని. ఖాయం అన్నాను. ఇంకెవరో అడిగారు, ఇది చాలా అరుదైనది, నీకెలా తెలుసని. వకుళగారు నేర్పారని రాశాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. వస్తున్నాం, వస్తున్నాం అని వరసగా పడ్డాయి.

చెప్పులతోనే రోడ్డు మీదికి పరుగెత్తాను. మలుపు దగ్గర మార్గరెట్‌గారి కారు ఆగింది. "సుబ్బులూ, నీకు పిచ్చా? కోటు ఏది? ఎక్కు" అంది. కారులో దారి పొడుగునా ఆవిడ బాతు గురించే అడిగింది. నేను "ఫాస్ట్, ప్లీజ్" అని తప్ప ఇంకేమీ అనలేదు. అరుదైన పక్షి అంటే అంత ఆత్రం ఉండటం ఆవిడకి వింతేమీ కాదు.

మేము వెళ్ళేసరికి పది పదిహేనుమంది టెలిస్కోపులు నిలబెట్టుకుని ఉన్నారు. వాళ్ళ మధ్య బెంచీ మీద మా బావ కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా తడిసి ఉంది. ఎవరో ఆయన భుజాల మీద దుప్పటి కప్పారు, చేతిలో కాఫీ పెట్టారు. ఆకుపచ్చ టోపీ తాతగారొకాయన పక్కన కూర్చుని, ఇక్కడికి రోజూ వస్తారా, గూస్‌లు ఏ వేళకి దిగుతాయి అని అడుగుతున్నాడు. మా బావ చేత్తో చూపించి చెబుతున్నాడు. పొద్దున్న ఆ మూలకి వస్తాయి, ఎండ ఎక్కాక ఇటు జరుగుతాయి, సాయంత్రం మొక్కజొన్న చేల వైపు పోతాయి. తాతగారు శ్రద్ధగా వింటున్నాడు. ఇన్నాళ్ళూ అక్కడ కూర్చున్నవాడికి అవన్నీ తెలియకుండా ఎలా ఉంటాయి.

మీరు కొంగకి చెప్పినట్టు పక్కనుంచి వెళ్ళాను. ఆయన్ని చూడకుండా, చెరువుకేసి చూస్తూ బెంచీ రెండో చివర కూర్చున్నాను. ఆయన చాలాసేపటికి చూశాడు.

"సుబ్బూ. నువ్వేంటే ఇక్కడ?"

"రోజూ వస్తాను బావా."

"రోజూనా?"

"నువ్వు వచ్చినప్పట్నుంచీ."

కాఫీ కప్పు ఒలికిపోతుంటే తాతగారు పట్టుకున్నాడు. బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంతమందిలో నేను ఆయన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ రోజు దుప్పటితో సహా పట్టుకున్నాను. వాళ్ళంతా మర్యాదగా టెలిస్కోపుల్లోకి చూస్తూ ఉండిపోయారు.

రాత్రి ఆయన చెప్పింది మీకు చెబుతాను. నీళ్ళలోకి నడుస్తున్నాడట. వెనకనుంచి ఎవరో కంగారుగా, "సర్, సర్, ప్లీజ్, గూస్‌లు బెదిరిపోతాయి, కదలకండి" అన్నారట. "ఆగిపోయాను సుబ్బూ. ఎందుకు ఆగానో తెలీదు. వాటిని లేపకూడదు కదా అని ఆగాను. వెనక్కి తిరిగితే ముసలాళ్ళు ఆ మంచులో అంతంత బరువులు మోసుకుని పరుగెత్తుకొస్తున్నారు. వాళ్ళ ముందు ఇంక నడవలేకపోయాను" అన్నాడు. ఆ మాట అన్నది టోపీ తాతగారేనట. ఆయనకి ఏమీ తెలియదు. ఆయనకి బాతులు ఎగిరిపోతాయన్న భయమే.

మీరు రాసిన నంబరుకి బావ చేతే ఫోన్ చేయించాను. తలుపు తెరిచే మాట్లాడాడు. బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం, మందులిచ్చారు. ఊరికి నాతోపాటు తనకీ టికెట్ కొన్నాడు. అత్తయ్యకి ఉద్యోగం సంగతి నేనే చెప్పాను, నా గొంతుతో. సాత్విక్‌కి ఆయనే చెప్పాడు. ఆ కుర్రాడు, "అన్నా, ఇప్పుడు నేను నీకు మాక్ ఇంటర్‌వ్యూ చెయ్యనా?" అన్నాడట. బావ నవ్వలేదు కానీ వద్దని కూడా అనలేదు.

అంతా బాగయిపోయిందని రాయను. స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే తలుపు కొడుతున్నాను. ఆయన విసుక్కుంటాడు. విసుక్కున్నా సరే, కొడతాను.

ఇప్పుడు బాతు సంగతి. ఆ రోజు చీకటి పడేదాకా వెతికారు. మర్నాడు పెన్సిల్వేనియా నుంచి కూడా వచ్చారట. ముగ్గురు చూశామన్నారు. ఒకాయన కాళ్ళు గులాబిగా ఉండటం స్పష్టంగా కనిపించిందన్నాడు. నేను ఏమీ అనలేదు. మార్గరెట్‌గారు మాత్రం చూడలేదంది. మమ్మల్నిద్దరినీ ఇంటి దగ్గర దింపుతూ, బావ తడిసిన ప్యాంటుకేసి, నా చెప్పులకేసి చూసి, "ఆ పక్షి వచ్చినందుకు సంతోషం" అని మాత్రం అంది. ఆవిడకి ఎంత తెలుసో నేను అడగలేదు.

మీరు ముప్పై ఏళ్ళు కాపాడుకున్న మాట పక్కన నా అబద్ధం చేరింది. మీ పేరు చెప్పబట్టే వాళ్ళు ప్రశ్నలు మాని కారు ఎక్కారు. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. ఎందుకంటే అలాంటి పొద్దు మళ్ళీ వస్తే మళ్ళీ చూశాననే రాస్తాను. వాళ్ళకి నిజం చెప్పనా అంటే, చెబితే మా బావ సంగతి కూడా చెప్పాలి. అది చెప్పే హక్కు ఆయనది. కాబట్టి ఆ బాతు అక్కడే ఉండనివ్వండి. నన్ను మీరు ఏమన్నా పడతాను. వాళ్ళకి మాత్రం ఏమీ చెప్పకండి.

ఈ కాగితం మీ అబ్బాయిగారి కంటపడకూడదు, ఇంకెవరి చేతిలోనూ పడకూడదు. మీ వంటింట్లో పొయ్యి వెలిగించి, అంచు అంటుకున్నాక కూడా వదలకుండా, చివరి అక్షరం నల్లబడేదాకా చూసి, దీన్ని కాల్చెయ్యండమ్మా.

సుబ్బులు